కల్లంలో ఏరిన తాలు, మార్కెట్లో ఏరిన తాలు

వరంగల్ కాశిబుగ్గలో ఒక మేడ మీది గదిలో మేము నెలకోసారి ఆదివారం పూట కూర్చుంటాం. మాలో కోయలు ఉన్నారు, లంబాడీలు ఉన్నారు, ఎరుకలవాళ్లు ఉన్నారు. ముగ్గురం బడిపంతుళ్లం. ఒకరు నర్సు, ఒకరు బస్ కండక్టర్. మిగతావాళ్లు చదువుకునే పిల్లలు. ఎవరు రాసింది వాళ్లు తెచ్చుకుంటాం, పైకి చదువుతాం, మాట్లాడుకుంటాం, చాయ్ తాగి ఎవరి బస్సు వాళ్లు ఎక్కుతాం. మాఘం దాటి ఎండలు ముదిరే రోజుల్లో ఏనుమాముల మార్కెట్‌కు పోయే మిర్చి బండ్ల ఘాటు కిటికీలోంచి లోపలికి వస్తుంది. చదివేవాళ్లు మధ్యమధ్యలో తుమ్ముతారు. అది మాకు అలవాటే.

అట్లాంటి ఒక ఆదివారం ఒక అమ్మాయి వచ్చింది. ములుగు జిల్లా అడవి పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నది. కోయ పిల్ల. చేతిలో లాంగ్ నోట్‌బుక్ ఉంది. 'ఫాంటసీ నవల రాస్తున్నాను, మొదటి అధ్యాయం అయింది, చదవమంటారా' అని అడిగింది. మా దగ్గర అప్పటిదాకా కవితలు చదివారు, కథలు చదివారు, భూమి సమస్య మీద వ్యాసాలు చదివారు. ఫాంటసీ నవల ఎవరూ తేలేదు. చదవమన్నాం.

నలభై నిమిషాలు చదివింది. కరువు పట్టిన ఒక రాజ్యం. అడవిలో ఒక గూడెం. గూడెంలో ఒక పిల్ల. కప్పం కోసం రాజు సైనికులు వస్తారు. పిల్ల గుట్ట మీదికి పరుగెత్తి ఒక బరిణె మూత తీస్తుంది. అందులోంచి దేవత లేస్తుంది. నెత్తిన బంగారు కిరీటం, పాలలాంటి ఛాయ, చేతిలోంచి మెరుపులు. సైనికులందరూ బూడిద అవుతారు. గుట్ట వెనకాల మంత్రాలు నేర్పే ఒక బడి ఉంటుంది, దాని గోడల మీద డ్రాగన్లు కాపలా ఉంటాయి. అక్కడికి అధ్యాయం అయిపోయింది.

తర్వాత మేము మాట్లాడాం. మాలో ఒక పంతులు నోట్‌బుక్ అడిగి తీసుకుని, ఎర్ర పెన్నుతో ఒత్తులు, దీర్ఘాలు దిద్దడం మొదలుపెట్టారు. ఆయన చెయ్యి ఆగలేదు. ఇంకొకరు 'చాలా బాగుంది తల్లీ, మన పిల్లలు ఇంత రాయడమే గొప్ప' అన్నారు. ఎందుకు బాగుందో చెప్పలేదు. మరొకరు 'డ్రాగన్లు మనవి కావు కదా, ఇంగ్లిష్ సినిమాల నుంచి తెచ్చావు' అన్నారు. నాలుగో మనిషి కాస్త గట్టిగానే 'మన తల్లిని పట్టుకుని కథలో ఆడించే అధికారం నీకెవరిచ్చారు' అని అడిగారు. అమ్మాయి అన్నిటికీ తల ఊపింది. చాయ్ తాగలేదు. నోట్‌బుక్ బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత మూడు నెలలు రాలేదు.

మూడు నెలలు ఆ కుర్చీ ఖాళీగా ఉన్నందుకే ఈ వ్యాసం రాస్తున్నాం. తప్పు మాది. కానీ ఏ తప్పు? మాలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒత్తులు తప్పిన మాట నిజం. డ్రాగన్లు సినిమా నుంచి వచ్చిన మాట నిజం. మన పిల్లలు నవల రాయడం గొప్ప అన్న మాట కూడా నిజమే. అన్నీ నిజాలే చెప్పి ఒక పిల్ల కలం ఆపేశాం. అంటే నిజం చెప్పడం ఒక్కటే సరిపోదన్నమాట. మరి ఇంకేం కావాలి? మెత్తగా చెప్పాలా? మెత్తగా చెప్పిన ఆ రెండో మాట కూడా ఆ అమ్మాయిని ఆపలేకపోయింది కదా.

జవాబు మాకు మార్కెట్ దారిలోనే దొరికింది. మాలో కొందరి ఇళ్లల్లో మిర్చి వేస్తారు. కోసిన కాయను కల్లంలో ఎండబోస్తారు. ఎండిన తర్వాత ఇంటి ఆడవాళ్లు, పక్కింటి వాళ్లు కూర్చుని తాలు ఏరతారు. రంగు పోయి తెల్లబడ్డ కాయను, మచ్చ పడ్డ కాయను తీసి పక్కకు వేస్తారు. ఆ తర్వాతే బస్తా నిండుతుంది. బస్తా ఏనుమాముల యార్డుకు చేరాక ఖరీదుదారు వస్తాడు. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీస్తాడు. అతనూ తాలు ఏరతాడు. అరచేతిలో పెట్టి చూపించి 'ఇదిగో తాలు, ఇదిగో తేమ' అంటాడు. జెండా పాట ఎంత పలికినా ఈ బస్తాకు అంత రాదని చెప్పడానికి ఆ తాలు అతనికి పనికొస్తుంది.

ఇద్దరూ చూసింది ఒకటే తాలు. ఇద్దరూ చెప్పింది నిజమే. కానీ కల్లంలో పక్కింటావిడ తాలు ఏరింది ధర పెరగాలని. యార్డులో ఖరీదుదారు ఏరింది ధర తగ్గాలని. మాటలో తేడా లేదు, మాట పోయే దిక్కులో ఉంది. ఇంకో తేడా కూడా ఉంది. కల్లంలో ఏరిన ఆవిడ ఎండలో మన పక్కన కూర్చుంది. ఆవిడ చేతులూ మండాయి. ఖరీదుదారు నిలబడి గుప్పెడు కాయ చూసి పోయాడు.

చిత్తుప్రతి అంటే కల్లంలో ఉన్న కాయ. అది ఇంకా మార్కెట్‌కు రాలేదు. అచ్చయిన పుస్తకాన్ని విమర్శించడం వేరు, చిత్తుప్రతి మీద మాట చెప్పడం వేరు. పుస్తకం కొన్న పాఠకుడికి నచ్చలేదని చెప్పే హక్కు ఉంది, ఎందుకు నచ్చలేదో చెప్పకపోయినా ఫర్వాలేదు. కానీ చిత్తుప్రతి చదవమని ఇచ్చిన మనిషి మనల్ని కొనుగోలుదారుగా పిలవలేదు, తోడుకు పిలిచింది. ఆ రోజు మేము కల్లంలో కూర్చుని ఖరీదుదారుల్లా మాట్లాడాం. మా తప్పు అది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మా మధ్యనే వచ్చింది. 'మమ్మల్ని ఎవరు బుజ్జగించారు? దెబ్బలు తిని, తిట్లు తినే కదా నేర్చుకున్నాం. ఈ మాత్రం తట్టుకోలేని వాళ్లు రచయితలు ఎట్లా అవుతారు?' అని మాలో పెద్ద పంతులు అడిగారు. ఈ మాట మన బడుల్లో చాలా బలంగా ఉంది. కానీ ఒకటి గమనించాలి. ఈ మాట అనేది తట్టుకుని నిలిచినవాళ్లు. తట్టుకోలేక మానేసినవాళ్లు ఈ గదిలో లేరు, వచ్చి సాక్ష్యం చెప్పరు. మొదటి తరం చదువుకున్న మన ఇళ్లల్లో ఒకరు నిలిస్తే ఎంతమంది మానేశారో మనకు తెలుసు. అమ్మానాన్నలు పుస్తకాలు చదివే ఇంట్లో పుట్టిన పిల్లకు ఒక పంతులు తిట్టినా ఇంట్లో ఇంకొకరు సర్దిచెప్తారు. మన పిల్ల తిరిగి పోయేది హాస్టల్ గదికి. అక్కడ ఆ నోట్‌బుక్ గురించి మాట్లాడడానికి ఎవరూ ఉండరు. మనం అన్న ఒక్క మాటే ఆమెకు లోకం అన్న మాట అవుతుంది. అందుకే మన మాట బరువు మనం అనుకునే దానికంటే ఎక్కువ.

దీనికి విరుగుడు పొగడ్త అనుకుంటే అదింకో గోతిలో పడడం. 'గిరిజన పిల్ల రాసింది కదా, బాగానే ఉంది' అనే మాట మనం బయటివాళ్ల నోట చాలాసార్లు విన్నాం. వినడానికి తీయగా ఉంటుంది. లోపల ఉన్నది మాత్రం 'మీ నుంచి ఇంతకంటే ఆశించం' అని. మన రాతను పూర్తిగా చదవకుండానే మెచ్చుకునేవాళ్లు మనల్ని సాటి మనుషులుగా చూడలేదు. ఆ రోజు 'మన పిల్లలు ఇంత రాయడమే గొప్ప' అన్నది మాలో ఒకరే. బయటివాళ్ల జాలిని మేమే నేర్చుకుని మా పిల్ల మీద చూపించామని తర్వాత సిగ్గుపడ్డాం. తప్పు చూపించడం కూడా ఒక గౌరవమే. 'నువ్వు దీన్ని బాగుచేయగలవు' అన్న నమ్మకం ఉంటేనే ఎవరైనా తప్పు చూపిస్తారు.

మరి ఎట్లా చెప్పాలి? ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. కథ చెప్పేవాళ్లు ఉన్నచోట 'ఊఁ' కొట్టేవాళ్లు కూడా ఉండాలన్నది మన ఇళ్లల్లో పిల్లలకు కూడా తెలుసు. ఊఁ ఆగితే అవ్వ కథ ఆపేస్తుంది. 'నిద్రపోయినవా' అని అడుగుతుంది. ఊఁ అంటే మెప్పు కాదు, తప్పు అని కూడా కాదు. 'నేను నీ వెంట ఉన్నాను, తర్వాతేమైంది' అని. బుర్రకథలో ఈ పని ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం చెప్తే ఇంకొకరు రాజకీయం చెప్తారు. జనం మనసులో పుట్టిన ప్రశ్నను వాళ్లు ముందుగా అడుగుతారు. కథకుడు దానికి జవాబు చెప్పుకుంటూ కథను ముందుకు నడుపుతాడు. వంత కథను లాక్కోడు, కథకుడి స్థానంలో కూర్చోడు. అడగాల్సిన చోట మాత్రం అడగకుండా ఉండడు.

కోయల్లో డోలీలు పడిగె విప్పి, డోలు కొట్టుకుంటూ ఇలవేల్పుల కథలు, వీరుల కథలు పాడతారు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య గారు అట్లాంటి కళాకారుడు. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. పుస్తకం లేకుండా ఇంత కథ తరాలు దాటి వచ్చిందంటే పాడినవాళ్ల జ్ఞాపకం ఒక్కటే కారణం కాదు. పక్కన కూర్చుని విన్నవాళ్లు, తప్పిన చోట అందించినవాళ్లు కూడా కారణం. రాతలోకి వచ్చాక మనం ఆ రెండో మనిషిని పోగొట్టుకున్నాం. రాసేవాళ్లు ఒంటరిగా రాస్తున్నారు. చదివేవాళ్లు మార్కులు వేస్తున్నారు.

బయటి లోకంలోనూ ఇదే కథ జరిగింది. ఇప్పుడు మన పిల్లలు సినిమాలుగా చూస్తున్న 'ద హాబిట్', 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసిన టోల్కీన్ ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు. 1936లో 'హాబిట్' రాతప్రతి ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ చేతికి వచ్చింది. పిల్లల పుస్తకం కాబట్టి ఆయన దాన్ని తన పదేళ్ల కొడుకు రేనర్ చేతికి ఇచ్చి, చదివి అభిప్రాయం రాస్తే ఒక షిల్లింగు ఇస్తానన్నాడు. పిల్లవాడు చిన్న నివేదిక రాశాడు. కథ బాగుందన్నాడు, ఏ వయసు పిల్లలకు నచ్చుతుందో కూడా చెప్పాడు. పుస్తకం 1937లో వచ్చింది. పండితుడు రాసిన పుస్తకం మీద మాట చెప్పడానికి తగిన మనిషి పదేళ్ల పిల్లవాడని ఆ తండ్రి అనుకోవడంలో తెలివి ఉంది. ఎవరి కోసం రాశారో వాళ్లకే ముందు వినిపించాలి.

టోల్కీన్ తర్వాతి నవలను 1937 చివర్లో మొదలుపెడితే అది 1954, 1955లలో మూడు భాగాలుగా అచ్చయింది. ఆ మధ్య కాలంలో ఆయన అధ్యాయాలను స్నేహితుల గుంపులో చదివేవాడు. ఆ గుంపులో హ్యూగో డైసన్ అనే ఆయనకు ఈ కథ పడేది కాదు. చివరికి డైసన్ ఉన్న రోజు ఆ నవల చదవడమే మానేశారు. అదే గుంపులో సి. ఎస్. లూయిస్ ఉన్నాడు. ఆయన తర్వాతి అధ్యాయం ఏదని అడుగుతూనే ఉండేవాడు. లూయిస్ ప్రోత్సాహం లేకపోతే ఆ పుస్తకం పూర్తయ్యేది కాదని టోల్కీనే తర్వాత చెప్పుకున్నాడు. అంత చదువుకున్న ఆచార్యుడికే ఊఁ కొట్టే మనిషి కావలసి వచ్చాడు. పందొమ్మిదేళ్ల మన పిల్లకు అక్కర్లేదా?

ఫాంటసీని చదవడంలో మాకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మాకు వాస్తవ కథలు అలవాటు. 'ఇట్లా జరుగుతుందా' అని అడగడం అలవాటు. ఫాంటసీని అట్లా అడిగితే మొదటి పేజీలోనే అది చచ్చిపోతుంది. నిజానికి తెలుగులో ఇది కొత్త కాదు. 'చందమామ' 1947లో మొదలైంది. 1950ల నుంచి దాసరి సుబ్రహ్మణ్యం గారు 'తోకచుక్క', 'మకరదేవత' వంటి సీరియళ్లు అందులో రాశారు. వాటిని చదివి పెరిగిన తరాలు ఉన్నాయి. మన అవ్వలు చెప్పిన కథల్లో రాక్షసుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, మర్రి తొర్రలో, చిలకలో ఉంటుంది. ఎంత బలమున్న రాక్షసుడైనా చిలక మెడ విరిస్తే చస్తాడు. అది ఆ లోకంలో నియమం. అద్భుతానికి ఒక హద్దు, ఒక ఖరీదు ఉండాలని చదువురాని మన అవ్వలకు తెలుసు. కాబట్టి ఫాంటసీని 'ఇది నిజమా' అని అడగకూడదు. 'నీ లోకంలో నియమం ఏమిటి, దానికి నువ్వు కట్టుబడ్డావా' అని అడగాలి.

ఆ పిల్ల అధ్యాయాన్ని ఆ కళ్లతో చూస్తే అసలు సమస్య డ్రాగన్లు కాదు. మొదటి అధ్యాయంలోనే దేవత వచ్చి సైనికులందర్నీ బూడిద చేస్తే, ఇక గూడెం పిల్ల చేయాల్సింది ఏముంది? ఏ ఖరీదూ లేకుండా అంత శక్తి దొరికితే మిగతా నవల ఎందుకు? ఈ ప్రశ్న ఆ రోజు మాలో ఎవరికీ తట్టలేదు. ఎందుకంటే మేము ఒత్తులు చూస్తున్నాం.

ఒత్తుల సంగతి కూడా చెప్పాలి. మా పంతులు దిద్దిన వాటిలో సగం నిజంగా తప్పులే. అవి దిద్దుకోవాల్సిందే. కానీ మిగతా సగం ఆ పిల్ల ఇంటి మాటలు. కోయ మాట కలిసిన తెలుగు, ములుగు అడవి తెలుగు. రెండిటినీ ఒకే ఎర్ర సిరాతో కొట్టేశాం. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు, 1931లో సవర వ్యాకరణం తెచ్చారు. ఆ పండితుడు మన భాష ముందు విద్యార్థిగా కూర్చున్నాడు. వాడుక మాటే రాతలోకి రావాలని పోరాడిన కాళోజీ ఈ వరంగల్లోనే బతికారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. రమేశ్ కార్తీక్ నాయక్ లంబాడీ జీవితాన్ని లంబాడీ మాటలతోనే కథలుగా రాస్తే, ఆ 'ఢావ్లో' సంపుటికి 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఇవన్నీ తెలిసిన మేమే ఆ ఆదివారం ఒక కోయ మాట కింద గీత గీశాం. దిద్దే ముందు ఒక్క ప్రశ్న అడిగితే చాలు: 'ఈ మాట నువ్వు కావాలని రాశావా, పొరపాటున పడిందా?' కావాలని రాస్తే అది ఆమె భాష. పొరపాటున పడితే ఆమే దిద్దుకుంటుంది.

ఇక అన్నిటికంటే బరువైన ప్రశ్న మిగిలింది. బరిణె, గుట్ట, గూడెం పిల్ల, కప్పం కోసం వచ్చిన సైన్యం. ఇవి చదివితే మన ప్రాంతంలో ఎవరికైనా మేడారమే గుర్తొస్తుంది. కాకతీయుల సైన్యంతో పోరాడి సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కనిపించకుండా పోయిందని, అక్కడ కుంకుమ బరిణె దొరికిందని మనం వింటూ పెరిగాం. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి లక్షల మంది అక్కడికి వస్తారు. ఆ తల్లిని నవలలోకి తేవచ్చా? ఇది రాసిన పిల్ల సొంత విషయమా, జాతి విషయమా?

మాలో రెండు మాటలు వచ్చాయి. ఒకటి, తల్లి కథ అందరిదీ కాబట్టి ఎవరూ ముట్టుకోకూడదని. రెండు, అందరిదీ కాబట్టే ఆమెదీ కూడా అని, ముఖ్యంగా కోయ పిల్లదని. బయటివాళ్లు మన తల్లుల మీద సినిమాలు తీస్తుంటే, పాటలు కడుతుంటే చూస్తూ ఊరుకుని, మన పిల్ల కలం పట్టగానే అధికారం అడగడం ఏం న్యాయం? ఈ వాదనలో బలం ఉంది. కానీ అంతటితో మొదటి మాట కొట్టుకుపోదు. నమ్మకంతో మొక్కేవాళ్లు ఉన్న కథకు, మొక్కేవాళ్లు లేని కథకు తేడా ఉంది. రాసే స్వేచ్ఛ రాసేవాళ్లదే. కానీ ఆ స్వేచ్ఛ వాడే ముందు వినాల్సినవాళ్ల మాట వినడం బాధ్యత. అనుమతి అడగడం వేరు, సలహా అడగడం వేరు. మేము ఆ పిల్లను అనుమతి అడిగామే తప్ప, సలహా అడిగే దారి చూపించలేదు.

అందుకని మూడు నెలల తర్వాత మాలో ఇద్దరం హాస్టల్‌కు వెళ్లి ఆ అమ్మాయిని కలిశాం. తప్పు ఒప్పుకున్నాం. ఇంకోసారి చదువుతావా అని అడిగాం. ఆలోచించి చెప్తానన్నది. తర్వాతి నెల వచ్చింది. ఈసారి మేము రెండు పనులు చేశాం. తాడ్వాయి వైపు నుంచి ఒక పెద్దామెను, మాలో ఒకరి మేనత్తను, కూర్చోబెట్టాం. మాలో ఒకరి కొడుకు, ఆరో తరగతి పిల్లవాడు, వాడూ వచ్చి కూర్చున్నాడు.

అమ్మాయి మళ్లీ చదివింది. ఈసారి ఎవరి చేతిలోనూ పెన్ను లేదు. చదవడం అయ్యాక ఏం విన్నామో ముందు మేము ఆమెకు చెప్పాం. మొదటిసారి మేము వినని ఒక చోటు ఈసారి వినిపించింది. తెల్లవారక ముందు గూడెం పిల్ల ఇప్పపూలు ఏరడానికి పోతుంది. చీకట్లో వాసన పట్టుకుని చెట్టు కిందికి చేరుతుంది. చెట్టుకు అవతలి పక్క ఎలుగుబంటి కూడా అవే పూలు తింటూ ఉంటుంది. ఒకరినొకరు చూసుకుంటారు. ఎవరి పూలు వాళ్లు ఏరుకుంటారు. అర పేజీ కూడా లేదు. కానీ అది అడవి తెలిసిన మనిషి రాసింది, ఏ సినిమాలోనూ లేనిది. 'నీ అధ్యాయంలో మేము ఊపిరి బిగబట్టింది ఇక్కడ' అని చెప్పాం. 'బాగుంది' అనడానికి, 'ఈ చోట బాగుంది' అనడానికి ఎంత తేడా ఉందో ఆ పిల్ల ముఖం చూస్తే తెలిసింది.

అప్పుడు ఆరో తరగతి పిల్లవాడు 'అక్కా, ఎలుగుబంటి తర్వాత ఏడికి పోయింది?' అని అడిగాడు. అమ్మాయి నోట్‌బుక్ తిరగేసింది. ఎలుగుబంటి మళ్లీ ఎక్కడా లేదు. 'మర్చిపోయిన' అని నవ్వింది. మేము పెద్దవాళ్లం రాసుకొచ్చిన ప్రశ్నలన్నిటికంటే ఆ ప్రశ్నే ఆమెకు పనికొచ్చింది.

పెద్దామె చాలాసేపు మాట్లాడలేదు. చివర్లో అన్నది: 'బిడ్డా, మంచిగ రాసినవ్. గని ఒక్కటి అడుగుత. తల్లికి కిరీటం వెట్టినవ్, తెల్ల మొఖం వెట్టినవ్. మేం పుట్టినకాంచి గద్దె మీద వెదురు జూసినం, కుంకుమ జూసినం. తల్లి మొఖం ఎవలం జూడలే. నువ్వు యాడ జూసినవ్?'

గది అంతా నిశ్శబ్దం. 'నీకెవరిచ్చారు అధికారం' అన్న మాటలోనూ ఇదే బాధ ఉంది. కానీ అది తలుపు మూసింది, ఇది తలుపు తీసింది. నవలకు పనికొచ్చే ఎంత పెద్ద సంగతి ఆ ప్రశ్నలో ఉందో చూడండి. విగ్రహం లేని దేవత. కనిపించని శక్తి. పెద్దామెకు ఫాంటసీ అన్న మాటే తెలియదు.

తెల్ల ఛాయ గురించి మాలో ఒకరు ఇంకో మాట కలిపారు. అమెరికా రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1968లో రాసిన ఒక మాంత్రిక నవలలో వీరుడి ఒంటి రంగు రాగి గోధుమ. ఆ కథలను 2004లో టీవీలో తీసినప్పుడు అతన్ని తెల్లవాడిగా మార్చారు. ఆమె బహిరంగంగా అభ్యంతరం చెప్పింది. ఏ నియమమూ లేని ఊహాలోకంలో కూడా శక్తి ఉన్నవాళ్లు తెల్లగానే ఎందుకు ఉండాలి? ఆ పిల్ల అమ్మ నల్లన, అవ్వ నల్లన, తనూ నల్లనే. మరి తను సృష్టించిన లోకంలో దేవతకు పాల ఛాయ ఎక్కడిది? దీన్ని తప్పుగా చూపించలేదు. ప్రశ్నగా ఆమె ముందు పెట్టి వదిలేశాం.

అమ్మాయి ఆ తర్వాత అధ్యాయం తిరిగి రాసింది. దేవతకు ముఖం తీసేసింది. గుట్ట మీద వెదురు పొద కదులుతుంది, పులులు తల వంచుతాయి, అంతే. బరిణె మూత తీసిన ప్రతిసారీ గూడెం పిల్ల ఒక జ్ఞాపకం పోగొట్టుకుంటుందని ఒక నియమం పెట్టింది. ఎలుగుబంటి మూడో అధ్యాయంలో తిరిగి వస్తుందని చెప్పింది. గూడానికి, గుట్టకు, తల్లికి మేడారం పేర్లు కాకుండా తన పేర్లు పెట్టింది. కానీ డ్రాగన్లను తీయలేదు. 'వాటిని తీయను సార్, నాకు ఇష్టం' అని గట్టిగా చెప్పింది. మాలో కొందరికి ఇప్పటికీ ఆ డ్రాగన్లు నచ్చవు. అయినా ఆ మాట విని మేము సంతోషించాం. మా మాటల్లో కొన్ని తీసుకుని కొన్ని వద్దన్నదంటే ఆ నవల ఇంకా ఆమెదే. మేము చెప్పిందల్లా రాసి ఉంటే అది మా నవల అయ్యేది, దాన్ని ఆమె మధ్యలోనే వదిలేసేది.

గురువులకు, యువతకు మేము చెప్పదలిచింది కొద్దిగానే ఉంది. ఎవరైనా చిత్తుప్రతి ఇస్తే ముందు 'నీకేం కావాలి, ఎక్కడ అనుమానంగా ఉంది' అని అడుగుదాం. మొదటిసారి పెన్ను లేకుండా చదువుదాం. నచ్చిన చోటును వేలు పెట్టి చూపిద్దాం. నచ్చని చోటును ప్రశ్నగా మారుద్దాం. అన్ని లోపాలూ ఒకే రోజు చెప్పకుండా, కథను నిలబెట్టే వాటినో కూల్చే వాటినో రెండు మూడు చెబుదాం. ఒత్తులు, దీర్ఘాలు చివరి విడతకు ఉంచుదాం. మనకు తెలియని సంగతి ఉంటే తెలిసిన పెద్దల దగ్గరికి పంపుదాం. రాసేవాళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. విన్న ప్రతి మాటా పాటించాల్సిన పని లేదు, కానీ విన్న రోజే కొట్టిపారేయకుండా పది రోజులు మనసులో ఉంచుకుని చూడాలి.

తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. మొదటి ఆదివారం ఆ గదిలో ఒక పక్క మేము ఉన్నాం, ఇంకో పక్క ఆ పిల్ల ఉంది. రెండోసారి కూర్చున్నప్పుడు మనం అయ్యాం. ఏరినవి అవే తాలు కాయలు.

కాశిబుగ్గ పేరులోనే బుగ్గ ఉంది. బుగ్గ అంటే ఊట. ఊటలో మట్టి పూడితే తీయొచ్చు, ఆకులు పడితే ఏరొచ్చు. మన ఇంటి నీళ్లు తెచ్చి పోసి అది ఊట అనుకుంటే మాత్రం రెండు రోజుల్లో ఎండిపోతుంది. ఆ అమ్మాయి ఇప్పుడు అయిదో అధ్యాయం రాస్తున్నది. వచ్చే నెల చదువుతుంది. ఆరో తరగతి పిల్లవాడు ఏడులోకి వచ్చాడు. ఎలుగుబంటి ఏమైందో తెలుసుకోవడానికి వాడూ వస్తానన్నాడు.